అమ్మ పొత్రానికి పట్టిన అంతరిక్షం

ఒక గ్రహశకలాన్ని సగం పాడుచేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నాచారం వస్తే చూపిస్తాను, నేనే. మిగతా సగం దక్కడానికి కారణం నా తెలివి కాదు, మా మామకు మా అమ్మంటే ఉన్న భయం.

జపాన్ వాళ్ళ నౌక ఒకటి గ్రహశకలం మీది దుమ్మును భూమికి మోసుకొచ్చిన రోజులవి. నేను ఉప్పల్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం. ఆ వార్త మా క్లాసులో నాకు తప్ప ఎవరికీ పట్టలేదని తేలాక, దాని మీద సర్వహక్కులూ నేనే తీసుకున్నాను. విషయం ఇంతే. గాలీ వానా లేనిచోట కూడా రాయికి ముసలితనం వస్తుంది. సూర్యుడి నుంచి రేణువులు వచ్చి తగులుతుంటాయి, ఇసుకరవ్వ కన్నా చిన్న రాళ్ళు ఘోరమైన వేగంతో గుద్దుతుంటాయి. ఆ దెబ్బకు పైపొర కరిగి, ఆవిరై, మళ్ళీ అక్కడే అతుక్కుంటుంది. అందులో కంటికి కనిపించనంత చిన్న ఇనుప చుక్కలు పుట్టి రాయి ముఖం నల్లబడుతుంది, కాస్త ఎరుపెక్కుతుంది. లోపల మాత్రం పాత రంగే.

ఇందాకటి వాక్యాల్లో ‘కరిగి’ అనే మాటను మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు. కథంతా అదే.

కాలేజీల మధ్య సైన్సు ప్రదర్శన వచ్చింది. ఒక్కో కాలేజీకి ఒక్కటే అవకాశం. మా ఫిజిక్స్ లెక్చరర్ భాస్కరం గారు, కాకినాడ మనిషి, అప్పటికే ఒక సీనియర్ చేసిన సోలార్ కుక్కర్‌కు మాటిచ్చేశారు. నేను అడ్డం పడ్డాను.

"సార్, రాయిని మీ కళ్ళముందే ముసలిదాన్ని చేసి చూపిస్తా."

"ఏమయ్యా, నిజంగా చేయగలవా? నీకోసం ఆ కుక్కర్‌ని పక్కన పెట్టించాలంటే ప్రిన్సిపాల్ గారికి నేను పూచీ ఉండాలి. నా మాట పోకూడదు సుమా!"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్."

నేనీ మాట అన్నప్పుడల్లా అవతలివాళ్ళకు బీపీ వచ్చేది. ఆయనకది అప్పటికి తెలియదు, పాపం.

ఇక రాయి కావాలి. ఆ జపాన్ వాళ్ళు వెళ్ళిన శకలం పల్లికాయలా నడుం సన్నగా ఉంటుంది. అచ్చం అదే ఆకారం మా వంటింట్లోనే కనిపించింది, అమ్మ పచ్చడి నూరే పొత్రం. అది అప్పటికే బొగ్గులా నల్లగా ఉందన్న చిన్న సంగతి నా పరిశోధనకు అడ్డు రాలేదు. అమ్మను అడగకుండా సంచిలో వేసుకుని యాదగిరి మామ దగ్గరికి పోయాను.

మామ అమ్మకు తమ్ముడు. నాచారంలో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇనుప రవ్వలను గాలిగన్నుతో కొట్టి, సామాన్ల మీది తుప్పు వదిలించడం ఆయన పని.

"మామా, దీన్ని జర గన్నుతోని కొట్టు. నల్లగ గావాలె."

మామ పొత్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "అల్లుడా, గిది అక్క పొత్రం గాదూ?"

"సైన్సు కోసం మామా!"

"మా తాన కొడితే తుప్పు వోతది, పెయింటు వోతది. నల్లగైంది నేనైతే ఇంతవరకు సూడలే."

"మీది వర్క్‌షాపు లెక్క మామా. నాది అంతరిక్షం."

అంతరిక్షం అనేసరికి మామ ఒప్పేసుకున్నాడు. కానీ సగానికి గట్టిగా రబ్బరు చుట్టాడు. "ముందుగాల సగమే కొడత. రేపు అక్కకు జవాబు జెప్పేది నేనే గదా."

గన్ను మోగింది. పొత్రం బయటికొచ్చింది. కొట్టినంతమేరా పాలపిండిలా తెల్లగా!

మర్నాడు ప్రదర్శనలో దాన్ని చూసి భాస్కరం గారు బల్ల పట్టుకున్నారు. "ఇదేమిటయ్యా, సగం గీయించుకున్న గుండులా ఉంది? ప్రిన్సిపాల్ గారు దారిలో ఉన్నారు!"

"ఫికర్..."

"ఆ మాట మళ్ళీ అనకు!"

అంతలో జడ్జిగారు మా బల్ల దగ్గరికి రానే వచ్చారు. "బాబూ, నల్లబడాల్సింది తెల్లబడిందేం?"

నేను పొత్రాన్ని నల్ల సగం కనిపించేలా తిప్పబోయాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఒక గొంతు. "ఏడరా నా పొత్రం?"

మామ భయపడి అమ్మకు అంతా చెప్పేశాడన్నమాట.

"ఎవరమ్మా మీరు?" అన్నారు జడ్జిగారు.

"ఈ రాయి నాది సార్. వీడు గూడ నాదే, ఏం జేస్త?"

ఆయన నవ్వాపుకున్నారు. "ఇది మొదటినుంచీ నల్లరాయేనా అమ్మా?"

"ఎక్కడిది సార్! మా అమ్మ ఇచ్చినప్పుడు మొత్తం గిట్ల తెల్లగనే ఉండె. పెండ్లయిన కాడికెల్లి నూరుతున్న. నూనె, మిరపకాయలు, చింతపండు, రోజింత అంటుకుంట అంటుకుంట పొర గట్టింది. వీడు కొట్టిపిచ్చేసరికి పొర ఊడి లోపలి రాయి బయటవడ్డది. మళ్ల నూరితే మళ్ల నల్లగైతది. దీనికి ఇంతమంది సూసుడెందుకు?"

జడ్జిగారు భాస్కరం గారి వైపు తిరిగారు. "విన్నారా సార్? పాత ముఖం నల్లన, కొత్తగా బయటపడ్డ చోటు తెల్లన. ఆ శకలం మీద కూడా ఇలాంటి తెల్ల మచ్చలే ఉన్నాయి." తర్వాత నాకేసి చూశారు. "మరి నీ గన్ను ఎందుకు నల్లబరచలేదు?"

అప్పుడు, ఆలస్యంగానైనా, ఆ మాట నాకు గుర్తొచ్చింది. "అది గీకింది సార్, కరిగించలేదు. కరిగించేంత వేగం నాచారంలో లేదు."

రెండో బహుమతి వచ్చింది. మొదటిది వేరే కాలేజీ సోలార్ కుక్కర్‌కు. అయినా భాస్కరం గారు ప్రిన్సిపాల్ భుజం తట్టినంత పనిచేసి, "మావాడండీ!" అన్నారు. నేను మాత్రం కనిపించిన ప్రతివాళ్ళకూ అమ్మను చూపించి, "మా అమ్మ!" అన్నాను. బస్సులో అమ్మ పొత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, తెల్ల సగాన్ని వేళ్ళతో రుద్ది చూసింది. "నున్నగై జారుతుండెరా. గాట్లు వెట్టిద్దమనుకుంటున్న. ఇప్పుడు గరుకైంది, ఇగ పచ్చడి మంచిగ నలుగుతది. రేపు రోలు గూడ మామ తానికి కొంచవో."

ప్రశంసాపత్రం మీద రాసింది నా పేరు. వేలాడేది మాత్రం రోటి పైన, పోపు చిట్లే చోట. ఏళ్ళ తరబడి నూనె చుక్కలు పడీపడీ అది నల్లబడింది, కాస్త ఎరుపెక్కింది కూడా. నా పేరు ఇప్పుడు కనిపించదు. పొత్రం తెల్ల సగం కూడా అమ్మ చెప్పినట్టే నల్లబడిపోయింది.

ఆ పొత్రం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట అంతరిక్షం గురించి ఏ సందేహం వచ్చినా, గన్ను దగ్గరికి పోయే ముందు వంటింట్లో కనుక్కుంటాను.