అక్క తొక్కిన డిస్కో

డాన్సు హాల్లో డ్రమ్ముల మాస్టారిది తిరుగులేని చెయ్యి. స్వింగ్ సంగీతం ఏలిన రోజుల్లో, ఇంకా మీసాలు సరిగ్గా రాకముందే ఆ స్టూలెక్కాడు. తిన్నగా దరువెయ్యడం ఆయన ఒంటికి పడదు. దరువుకీ దరువుకీ మధ్య ఒక తుళ్లింత, చివర్లో ఒక గిరికీ ఉండాల్సిందే. జనం పడి చచ్చేవాళ్లు.

తరవాత రాక్ అండ్ రోల్ వచ్చింది. అదే హాల్లో గిటారు వాయించే బావమరిదికి, ఏ కొత్త సంగీతం వచ్చినా దాని చుట్టరికాలు విప్పడం సరదా.

"బెంగపడకు బావా! ఇది బ్లూస్ కడుపున పుట్టింది. మన స్వింగ్ దీనికి మేనమామ వరస."

మేనమామ హోదాలో మాస్టారు సర్దుకుపోయాడు. ట్విస్ట్‌తోనూ సర్దుకుపోయాడు. డిస్కో దగ్గరే చిక్కొచ్చిపడింది.

డిస్కోలో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము మొదటినుంచి చివరిదాకా ఒకటే మోత మోగాలి. ధమ్, ధమ్, ధమ్, ధమ్. మాస్టారి కాలు కాసేపు బుద్ధిగా పెడలు తొక్కి, పాత అలవాటుకొద్దీ ఠక్కున తుళ్లేది. మొదటి శనివారమే ఒక లావుపాటి పెద్దమనిషి ఆ తుళ్లింతకు అడుగు తప్పి, పూలకుండీని కౌగిలించుకుని కూలబడ్డాడు.

హాలు యజమాని మొహం చిట్లించాడు. "వచ్చే శనివారానికి మీ కాలు దారికి రాకపోతే వేరేవాళ్లని చూసుకుంటా, మాస్టారూ."

మర్నాడే ముందుగదిలో సాధన మొదలైంది. ఆ గదిలోనే ఓ మూల మాస్టారి భార్య కుట్టుమిషన్ పెట్టుకుని ఊళ్లోవాళ్ల బట్టలు కుడుతుంది.

"దీని అమ్మానాన్నలు సోల్, ఫంక్ అక్కా. లాటిన్ సంగీతం పాలిచ్చి పెంచింది," అన్నాడు తమ్ముడు గిటారు సవరించుకుంటూ.

"ఇంత బంధుత్వం కలిపావు, మరి ఆయన మాట వినదేంట్రా?"

వినలేదు. కాసేపటికి మాస్టారు పుల్లలు విసిరికొట్టి, మంచినీళ్లు తాగుతానంటూ వంటింట్లోకి పోయాడు. బావమరిది కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. దరువు దివ్యంగా సాగుతోంది. బావ దారికొచ్చాడనుకుని కళ్లు తెరిస్తే స్టూలు ఖాళీ! మూలన అక్క ఏదో పొడుగాటి కర్టెనుకి అంచు కుడుతోంది. ఆమె పాదం కింద పలక తడబాటు లేకుండా ఊగుతోంది.

"అక్కా! ఆపకు!"

"ఆపక? గుడ్డ అయిపోయింది. నీ లాగు కుట్టనా?"

శనివారం అక్కచేతే పెడలు తొక్కిద్దామని బావమరిది అనేసరికి మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా డ్రమ్ము మీద నువ్వు కాలు పెడతావా?"

"మీ ఉద్యోగం మీద ఇంకొకడు కాలు పెట్టడంకన్నా నయం కదండీ," అంది ఆవిడ, దారం కొరుకుతూ.

రెండ్రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నా, చివరికి ఆయనే దిగొచ్చాడు. శనివారం ఆవిడ స్టూలు మీద కూర్చుంది. మాస్టారు పక్కనే కాంగాల ముందు, అంటే అరచేతుల్తో వాయించే పొడుగాటి లాటిన్ డ్రమ్ముల ముందు, నిలబడ్డాడు. లాటిన్ పాలు తాగిన సంగీతం కదా, ఆయన తుళ్లింతలన్నీ అక్కడ చక్కగా ఒదిగిపోయాయి. ఎవరూ పడలేదు.

తీరా పాట అయిపోయింది, ఆవిడ కాలు మాత్రం ఆగలేదు.

"అయిపోయిందే! ఆపు!" మాస్టారు పళ్లబిగువున అన్నాడు.

"గుడ్డ అయిపోతే తెలుస్తుంది. పాట అయిపోతే నాకేం తెలుస్తుందండీ?"

బావమరిది గత్యంతరంలేక అదే మోత మీద ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఇదేదో కొత్త పద్ధతనుకుని జనం ఈలలు వేశారు. ఆపైన ప్రతి శనివారం అంతే, పాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండేది కాదు.

నెల తిరక్కుండా హాలు గుమ్మంలో కొత్త పోస్టరు వెలిసింది. పైన పెద్దక్షరాల్లో ఆవిడ పేరు. కింద చిన్నగా 'తదితరులు'.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చదివాడు. "తదితరులంటే నేనేనట్రా?"

"నేను కూడా బావా. కాస్త జరుగు," అన్నాడు బావమరిది.

ఆ సాయంత్రం మాస్టారు కాంగాలను అరచేతులు కందిపోయేలా వాయించాడు. ఇంటికెళ్లే దారిలో, "ఇవాళ బాగా కుదిరిందండీ," అంది ఆవిడ. ఎవరి వాయింపని ఆయన అడగలేదు, తనదేననుకున్నాడు.