తుపాకీ పేలని ఆరు పేజీలు

తొంభైల చివర్లో పదో తరగతి సోషల్ గురించి మాకు తెలిసిన సూత్రం ఒకటే: మార్కులు జానతో కొలిచి వేస్తారు. అందుకని జవాబు రాసేవాళ్లం కాదు, పొడిగించేవాళ్లం. హాఫ్ ఇయర్లీలో మొదటి ప్రపంచయుద్ధానికి కారణాలు అడిగితే ఆరు పేజీలు రాసి, అడిషనల్ షీట్లు దారంతో కట్టి, సైడ్ హెడ్డింగుల కింద స్కెచ్‌పెన్‌తో గీతలు కూడా కొట్టాను.

సోషల్ మాస్టారు ఆ పేపరు చేతికిస్తూ, "ఏరా, ఆరు పేజీలయినా ఒక్క తుపాకీ పేలలేదు. యుద్ధం ఎప్పుడు మొదలవుద్దిరా?" అన్నారు.

ఇంకో ప్రశ్నలో కంపెనీ కాలం నాటి నేతగాళ్ల మీద ఒక పేరా ఇచ్చి, వాళ్లు మగ్గాలు ఎందుకు వదిలేశారో రాయమన్నారు. నేను ఆ పేరానే గుండ్రటి అక్షరాలతో దించాను.

"ఇది నేను రాసిందే కదరా. మార్కులు నాకు వేసుకోనా?"

క్లాసంతా నవ్వింది. అందులో సగంమంది అదే దించారు, అది వేరే సంగతి.

వందకు ఇరవై ఆరు. పబ్లిక్‌లో తప్పితే మార్టూరులో గ్రానైటు పాలిష్ చేసే మామయ్య దగ్గర చేర్పిస్తానన్నాడు నాన్న. కోపంగా అని ఉంటే బాగుండేది. అన్నం కలుపుకుంటూ అన్నాడు. మామయ్యతో మాట్లాడేశాడు కూడా. నాకేమో కాలేజీకి వెళ్లాలని ఉంది.

అప్పటికి అమ్మ కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతోంది. బడి వదలగానే నోట్సు పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. అమ్మకు చదువు రాదు. మాస్టారి దగ్గర ఆ సౌకర్యం లేదు.

"ఐరోపా ఖండమున అనేక రాజకీయ, ఆర్థిక పరిణామములు సంభవించెను," అని మొదలుపెట్టాను.

"అయితే ఏంటంట?" అంది తలెత్తకుండా.

నాకూ తెలియదు. ఆ వాక్యం కొట్టేశాను. యువరాజు హత్య దాకా వచ్చేసరికి అమ్మ చెయ్యి ఆగింది.

"ఎవరు చంపార్రా?"

"అది ఐదో పేజీలో ఉందమ్మా."

"మరి అందాకా నన్నెందుకు కూర్చోబెట్టావు?"

నెలన్నర అదే పని. తుమ్ముతూ చదవడం, ఆమె "అయితే ఏంటంట" అన్న చోటల్లా కొట్టెయ్యడం. ఆరు పేజీలు ఒకటిన్నరకు వచ్చాయి. పేరా అయితే ఒకసారి చదివి, పుస్తకం మూసి, అమ్మకు చెప్పి, చెప్పిందే రాసేవాణ్ణి.

పబ్లిక్‌లో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. దాన్నీ ఒకటిన్నర పేజీలోనే ముగించాను. ముందు బెంచీవాడు నాలుగో షీటు కడుతున్నాడు. ఇన్విజిలేటరు నా పక్కన ఆగి, "ఏం బాబూ, అడిషనల్ అక్కర్లేదా?" అన్నారు జాలిగా.

"వద్దండి."

ఇంకా అరగంట ఉంది. చెయ్యి దానంతటదే లేవబోయింది. దాని మీద కూర్చున్నాను.

ఫలితాల రోజు నాన్న పేపర్లో నా నంబరు రెండుసార్లు చూసి, బస్సెక్కి మార్టూరు వెళ్లాడు. సాయంత్రం వచ్చి, "ఆ పనికి మీ మామయ్య ఇంకొకణ్ణి చూసుకుంటాడంట," అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. తర్వాత తెలిసింది, సోషల్‌లో యాభై మూడు. చరిత్రలో ఇంతకన్నా పెద్ద విజయాలు ఉన్నాయి.