రత్నమ్మక్క నేర్పిన పని

ఈ ఉదయం పక్కింటి కోడలు పసిబిడ్డకు స్నానం చేయించి ఒంటికి పౌడరు అద్దుతోంది. ఆ వాసన కిటికీలోంచి నా గదిలోకి వచ్చింది. అందరికీ అది పసిపిల్లల వాసన. నాకు మాత్రం వేలూరులో ఒక ఆసుపత్రి ఆడవాళ్ల వార్డు, ఇనుప మంచాల వరుస, ఆకుపచ్చ గుడ్డ తెర, ఆ తెర వెనక నెమ్మదిగా మాట్లాడే రత్నమ్మక్క గొంతు గుర్తుకొస్తాయి.

రత్నమ్మక్క ఆ వార్డులో ఆయా. అణైకట్ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన క్రైస్తవురాలు. నేను నర్సు శిక్షణలో మొదటి ఏడాది పిల్లను. గుడియాత్తంలో బట్టల వ్యాపారం చేసే ఇంటి నుంచి, నాయనతో రెండేళ్లు పోరాడి వచ్చాను. ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడిన కొత్తలవి. చిత్తూరు అటు, వేలూరు ఇటు అని తేలాక, రోగుల్ని చూడవచ్చిన బంధువులు ఎవరి ఊరు ఎవరికి దక్కాలో వార్డులోనే వాదించుకునేవారు. ఒకరోజు గొంతులు మరీ పెరిగితే రత్నమ్మక్క తెర లాక్కుంటూ వచ్చి, "ఊరు యాడికి పోతే ఏం నాయనా, ఈయమ్మ పొద్దుట్నుంచి ఒంటికి పోలేదు. ముందు మీరంతా బయటికి పోండప్పా" అంది. అందరూ తలలు వంచుకుని బయటికి నడిచారు. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. కానీ తెలుగులో, అరవంలో, ఉర్దూలో ఆ ఒక్క అవసరాన్ని నొప్పి కలగకుండా అడగడం వచ్చు.

మేల్పాడి నుంచి ఒక రైతు ఇల్లాలు తొడ ఎముక విరిగి వచ్చింది. నా చేతికి మొదటిసారి బెడ్‌పాన్, మంచం మీదే ఒంటికి పోయే పాత్ర, ఇచ్చింది ఆమె కోసమే. తీసేటప్పుడు వాసనకు తట్టుకోలేక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె చూసింది. మూడో రోజుకు జ్వరం, పొత్తికడుపులో నొప్పి. మంచం పక్కన చెంబు నిండుగా, ముట్టకుండా ఉండడం రత్నమ్మక్క కంట పడింది.

"నీళ్లు ఎందుకు తాగలేదమ్మా?"

"తాగితే మళ్లా అడగాల కదా. ఆ పాపకి రోతగా ఉండాది, పాపం."

నేను రెండు మంచాల అవతల దుప్పటి మడుస్తున్నాను. చేతులు ఆగిపోయాయి.

రత్నమ్మక్క నా సంగతి వార్డు సిస్టరుతో చెప్పలేదు. మధ్యాహ్నం నన్ను ఒక ఖాళీ మంచం దగ్గరికి తీసుకెళ్లి తెర వేసి, పడుకోమంది. చల్లటి ఎనామిల్ పాత్రను నా నడుము కింద తోసింది. "ఇప్పుడు ఒంటికి పో" అని పక్కనే నిలబడింది. తెర అవతల ఎవరో నడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. కాసేపటికి నాకు ఏడుపు వచ్చింది.

"రాలేదు కదా పాపా? నీకు కాళ్లూ చేతులూ బాగుండాయి. నన్ను తోసేసి లేసి పోగలవు. ఆయమ్మ పోలేదు."

ఆ తర్వాతే పని నేర్పింది. పాత్రను వేడినీళ్లతో తొలిచి, పొడిగా తుడిచి, ఒళ్లు అంటుకోకుండా అంచుకు పౌడరు అద్దడం. బాగున్న మోకాలు మడవమని చెప్పి నడుము కింద అరచెయ్యి పెట్టి ఎత్తడం. తెర వేసి, పిలిస్తే వినపడేంత దూరంలో ఉండడం. ముందునుంచి వెనక్కి తుడవడం. పారబోసే ముందు రంగు చూసి సిస్టరుకు చెప్పడం. చివర రోగి చేతులకూ నీళ్లివ్వడం. "అడిగించుకోవద్దు పాపా. అడిగేదానికే వాళ్లకి పానం పోతాది. నువ్వే ముందు అడుగు" అంది.

మర్నాడు మేల్పాడి అమ్మ దగ్గరికి వెళ్లి, "కాఫీ తాగినారు కదమ్మా, ఒక తూరి చూస్తామా?" అన్నాను. ఆమె నా ముఖం చూసి, బాగున్న మోకాలు మడిచింది. పని అయ్యాక చెంబు అందుకుని గడగడా తాగింది.

నా శిక్షణ మూడో ఏట గుడియాత్తంలో మా అవ్వ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సెలవు పెట్టి వెళ్లేసరికి, వెనక గదిలో తడిసిన గుడ్డల మీద ఉంది. వీపు పుండ్లు పడింది. తింటే మళ్లీ ఎత్తాల్సి వస్తుందని తిండి మానేసింది. ఒక్కదాన్నే తిప్పలేక రత్నమ్మక్కకు కబురు పెట్టాను. ఆదివారం, తనకు సెలవు రోజున, బస్సెక్కి వచ్చింది.

పొద్దున్నంతా అవ్వ దగ్గరే ఉంది. పరాయి కులంవాళ్ల నీడ కూడా సోకనివ్వని అవ్వ, పక్కకు తిప్పేటప్పుడు ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది. మధ్యాహ్నానికి పొడి గుడ్డల మీద పడుకుని నాలుగు ముద్దలు తిన్నది. రత్నమ్మక్క మా అమ్మను కూర్చోబెట్టుకుని పనంతా చూపించింది.

తర్వాత మా అమ్మ ఆమెకు వెనక మెట్ల మీద, పశువుల కొట్టం పక్కన ఆకు వేసింది. దోసిట్లోకి నీళ్లు ఎత్తి పోసింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. నాయన ముందు గదిలో ఉన్నాడు. నోరు తెరిస్తే చదువు మాన్పిస్తాడని భయం. రత్నమ్మక్క ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. తిన్నది. తన ఆకు తనే తీసి పారేసింది. బస్సు దాకా తోడు వెళ్లాను. "రెండు గంటలకి ఒక తూరి తిప్పమని మీ అమ్మకి చెప్పు" అని బస్సెక్కింది. అవ్వ నెలకు పైగా బతికింది. పుండ్లు మానిపోయాక పోయింది.

వార్డులో రత్నమ్మక్క ఎప్పటిలాగే ఉంది. కాకపోతే ఆ ఆదివారం తర్వాత నన్ను పాపా అనలేదు. "సిస్టరమ్మా" అనేది. అప్పటికి నా చదువు ఇంకా పూర్తి కానేలేదు.

కొన్నేళ్లకు నేను అదే వార్డుకు సిస్టరునయ్యాను. ఒక ఉదయం రత్నమ్మక్కను స్ట్రెచరు మీద తెచ్చారు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఆయాలను పంపేసి నేనే పాత్ర తీసుకెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని ముఖం గోడకు తిప్పుకుంది. ఎన్నో ఏళ్లు ఎందరి సిగ్గునో కాచిన మనిషి, తన సిగ్గుకు గోడ తప్ప చోటు లేనట్టు.

నేర్పినవన్నీ చేశాను. తుడిచి, చేతులు కడిగి, దుప్పటి కప్పి, ఆమె చెవి దగ్గర వంగాను. "అక్కా, ఆ పొద్దు మా ఇంట్లో నిన్ను వెనక మెట్ల మీద కూర్చోబెట్టినారు. నేను చూస్తా నిలబడినాను. తప్పు నాదే."

ఆమె కుడి కంట్లోంచి నీరు దిండు మీదికి జారింది. పడిపోయిన వైపు కన్ను అది. వచ్చినప్పటినుంచీ కారుతూనే ఉంది. నాలుగో రోజు ఆమె పోయింది. ఆ నీరు నాకు జవాబో కాదో నాకు తెలియదు.

తర్వాత ఎంతోమంది అమ్మాయిలకు ఈ పని నేర్పాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగినప్పుడల్లా రత్నమ్మక్క పేరు చెబుతాను. ఆమెకు మా ఇంట్లో జరిగిన మర్యాద ఏమిటో, నేనెక్కడ నిలబడి ఉన్నానో అది కూడా చెబుతాను.