కెపాసిటర్‌లో ఐదు వోల్టులు

ఆ కంపెనీలో ఆమె అందరికీ అక్కే. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. మట్టి కింద ఉన్న ఇనుమును పసిగట్టే పరికరాలు తయారుచేసే కంపెనీ అది. పరికరం చెయ్యకముందే దాని సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో గీసి, అందులోనే నడిపించి, పని చేస్తుందో లేదో తేల్చడం అక్క ఉద్యోగం. ఆ పని జరిగే గదికి కిటికీ లేదు. బయట వాన పడుతోందని లోపలికి వచ్చినవాళ్ళ గొడుగు చూసి తెలుసుకోవాలి.

ఉద్యోగం ఇక్కడ, సంసారం ఇంకో ఊళ్ళో. భర్త, అత్తగారు, చిన్న కూతురు అక్కడుంటారు. అక్క హాస్టల్లో ఒక మంచం, ఒక అల్మారాతో కాలం వెళ్ళదీస్తోంది. కూతురున్న ఊళ్ళోనూ కంపెనీకి ఒక శాఖ ఉంది. అక్కడికి పంపమని అడిగి అడిగి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. పెద్దసారు చెడ్డవాడేమీ కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవచ్చు.

“మీరు వెళ్ళిపోతే ఈ గదికి తాళం వేసుకోవాలమ్మా. మీ చోట నిలబడేవాణ్ణి ఒకణ్ణి తయారుచెయ్యండి, మర్నాడే పంపించేస్తాను” అంటాడాయన.

మంచి మాటే. కానీ మొదట తయారైనవాడు పని రాగానే వేరే కంపెనీకి ఎగిరిపోయాడు. రెండోవాడికి పని రానేలేదు. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అంటారు. బాగా మోసేవాణ్ణి ఎవరూ దించుకోనివ్వరని మాత్రం చెప్పరు. అడకత్తెరలో పోకచెక్కలా తయారైంది అక్క బతుకు. ఉద్యోగం వదిలితే ఇల్లు గడవదు, వదలకపోతే కూతురు అందదు.

మూడోవాడు తొందర. మరమ్మతుల సెక్షన్ నుంచి వచ్చాడు. ఏ పనైనా ముందు చేసేసి తర్వాత ఆలోచిస్తాడని అక్కడివాళ్ళు పెట్టిన పేరది. అక్క అతనికి అన్నిటికంటే చిన్న సర్క్యూట్‌తో మొదలుపెట్టింది. ఒక కాయిల్, ఒక కెపాసిటర్, అంతే. అతను చకచకా గీసి రన్ నొక్కాడు. స్క్రీన్ మీద పచ్చగీత ఒకటి అడ్డంగా పడుకుంది.

“చచ్చిపోయిందక్కా.”

“అసలు పుడితే కదా చావడానికి! కెపాసిటర్‌లో ఏం పోశావు?”

“ఏమీ పొయ్యలేదు.”

“మరి ఖాళీ చెంబు వంచితే నీళ్ళొస్తాయా తొందరా? మొదట్లో అందులో ఐదు వోల్టులున్నాయని నువ్వే చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌కి కలలో కనబడదు.”

అతను ఐదు వేశాడు. గీత లేచి అలలు అలలుగా ఆడింది. కెపాసిటర్‌లోని శక్తి కాయిల్‌లోకి, కాయిల్‌లోంచి మళ్ళీ కెపాసిటర్‌లోకి. అరగదీసే రెసిస్టర్ లేదు కాబట్టి ఒక్క అల కూడా తగ్గలేదు.

“పాపం, దీనికి ఆదివారం కూడా లేదా అక్కా?” అన్నాడు తొందర.

అక్క పకపకా నవ్వింది. హాస్టల్‌కి వెళ్ళాక అదే మాట గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నెలలు గడిచాయి. తొందర పెద్ద పెద్ద సర్క్యూట్లు కూడా నడిపిస్తున్నాడు. చివరికి అతను అక్క చోట నిలబడగలడో లేదో పెద్దసారు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఆ రోజు పొద్దున కూతురు ఫోన్ చేసింది. “అమ్మా, నా పక్కన నీ దిండు వేసేశాను. దాని మీద నాన్నని కూడా పడుకోనివ్వట్లేదు” అంది.

పెద్దసారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “పెద్దవి వద్దయ్యా. కాయిల్, కెపాసిటర్ పెట్టి మొదటి నుంచి చేసి చూపించు. అమ్మా, మీరు మాట్లాడకూడదు.”

అక్క తొందర వెనకాల చేతులు కట్టుకుని నిలబడింది. అతను గీశాడు, తీగలు కలిపాడు, గ్రౌండ్ పెట్టాడు, రన్ నొక్కాడు.

పచ్చగీత అడ్డంగా పడుకుంది.

తొందర మెడ మీద చెమట పట్టింది. మౌస్ మెల్లగా జరుగుతోంది. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలో ఇన్నేళ్ళుగా ఏ తప్పునూ అక్క అలా చూస్తూ ఊరుకున్నది లేదు. ఊరుకోవడం ఆమెకు చేతకాదు. నోరు కట్టేసుకోవాలనుకుంది, కట్టేసుకుంది కూడా. చెయ్యి ఆగలేదు. అతని భుజం మీదుగా వంగి, మౌస్ లాక్కుని, కెపాసిటర్ తెరిచి, ఐదు వేసి, రన్ నొక్కేసింది. అలలు లేచాయి.

“అదీ! అక్క చెయ్యి పడాల్సిందే!” అని పెద్దసారు మనస్ఫూర్తిగా నవ్వాడు. “తొందరేముందమ్మా, ఇంకో ఏడాది ఉండండి. ఇతన్ని నింపాదిగా తయారుచేద్దాం.” లేచి వెళ్ళిపోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని అక్కకు అప్పటికి తెలిసింది. “ఎలా మర్చిపోయావు తొందరా?” అంది.

అతను తల వంచుకున్నాడు. “రన్ నొక్కగానే గుర్తొచ్చిందక్కా. మౌస్ బాణం కెపాసిటర్ మీదికి తెచ్చేశాను. నొక్కబోతున్నాను, ఇంతలో…”

నిజమే. తను మౌస్ లాక్కున్నాక బాణాన్ని ఎక్కడికీ జరపాల్సిన పని లేకపోయింది.

తొందర లేచి పక్కకు జరిగాడు. అక్క వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. బల్ల మీద ఫోన్ మోగడం మొదలుపెట్టింది, ఇంటి నుంచి.