‘చెయ్యి ఇవ్వొద్దు’ అని అరిచిన ఆదివారం

2023 ఆగస్టు. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె హార్బరుకు కాస్త దక్షిణంగా, మా పాళెం ఒడ్డున ఆడవాళ్ళకు సర్ఫింగ్ నేర్పే బడి పెట్టి అప్పటికి రెండో ఏడు. బడి అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు, అందులో ఓ మూల నిలబెట్టిన ఆరు బోర్డులు, నేను. అంతే.

నా పేరు మస్తానమ్మ. మాది చేపలు పట్టే కుటుంబం. మా పాళెంలో ఆడవాళ్ళు చేపలమ్ముతారు, ఎండబెడతారు, గంప నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరుగుతారు, కానీ పడవెక్కరు. ఆడది పడవెక్కితే అరిష్టమంటారు. అలాంటి చోట పుట్టిన నేను తమిళనాడు వైపు ఒక సర్ఫింగ్ స్కూల్లో వంటపనికి కుదిరి, ముప్పై దాటాక అక్కడే అల మీద బోర్డెక్కి నిలబడటం నేర్చుకున్నాను. తిరిగొచ్చి ఇక్కడ నేర్పుతానంటే పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. నా నోటికి జడిసి ఊరుకున్నారు గానీ, ఒప్పుకుని కాదు.

నా దగ్గరికి వచ్చేది కాలేజీ పిల్లలు కాదు. పిల్లల్ని కని, మోకాళ్ళు నొప్పులు పుట్టి, జీవితంలో ఒక్కసారీ మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగనివాళ్ళు. చుడీదారు మీద మొగుడి ఫుల్‌హ్యాండ్ టీషర్టు తొడుక్కుని వస్తారు. చున్నీ మాత్రం షెడ్డులోనే వదలాలి, అది నీళ్ళలో మెడకు ఉరి. కాలికీ బోర్డుకీ మధ్య కట్టే తాడును లీష్ అంటాం. లోపల విరిగి నురగతో ఒడ్డుకొచ్చే అల వైట్ వాటర్. కొత్తవాళ్ళ చదువంతా నడుం లోతులో, ఆ నురగలోనే.

నిలబడటం తర్వాత సంగతి, ముందు పడటం నేర్పుతాను. పడగానే లేవకూడదు. పైన బోర్డు తిరుగుతూ ఉంటుంది, తలకు తగిలిందంటే పుచ్చకాయే. రెండు చేతులతో తల కప్పుకుని, అల దాటిపోయేదాకా నీళ్ళలోనే ఉండి, అప్పుడు లేవాలి. రెండో పాఠం ఇంకోటి. ఎవరైనా మునుగుతుంటే చెయ్యి ఇవ్వొద్దు. బోర్డు తొయ్యి. బోర్డు నీకూ వాళ్ళకూ మధ్యలో ఉండాలి. మునిగేవాడికి నువ్వు మనిషిలా కనపడవు, మెట్టులా కనపడతావు. నీ మీద ఎక్కి ఊపిరి తీసుకుంటాడు. అది దుర్మార్గం కాదు, ప్రాణం తీపి. ఈ మాట ప్రతివాళ్ళ చేతా గట్టిగా చెప్పించాకే నీళ్ళలోకి దింపుతాను.

సుగుణ కొడవలూరు నుంచి వచ్చింది. ముప్పయ్యారేళ్ళ మనిషి, రెండెకరాల వరి, ఇంట్లో అత్త, మొగుడు. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అడిగాను.

"పోయిన మాఘ పున్నమికి సముద్ర స్నానానికి వచ్చినామక్కా. అల కొడితే బోర్లా పడినా. నోట్లో ఇసక, కొప్పులో ఇసక. మా ఊరోళ్ళందరూ ఒకటే నవ్వు. నన్ను పడేసిందిగదా, నేను దాని మీదెక్కి నిలబడాల."

సముద్రం మీద పగబట్టి వచ్చిన శిష్యురాలిని అదే మొదటిసారి చూడటం. నాకు భలే నచ్చింది.

ఆమె మొగుడు పెంచలయ్య ప్రతి ఆదివారం మోటారు సైకిల్ మీద తీసుకొచ్చేవాడు. ఒడ్డున తిరగేసిన పడవ నీడన కూర్చుని, వచ్చే పోయే వాళ్ళతో పెళ్ళాం మీద ఫిర్యాదులు చెప్పేవాడు. "ఈ వయసులో దీనికిదేం పొయ్యేకాలమో సూడక్కా!" అనేవాడు నాతో. మళ్ళీ తనే, "ఈతంటే మాదే. మా ఊరి బాయిలో దూకితే అడుగున మన్ను తెచ్చి చూపించేవోణ్ణి," అని గొప్పలు పోయేవాడు. "బావి ఎక్కడికీ లాక్కుపోదు నాయనా, ఇది లాక్కుపోద్ది," అంటే నవ్వేసేవాడు. తీసుకురానని మాత్రం ఒక్క వారం కూడా అనలేదు.

ఆ బ్యాచ్‌లో నలుగురు. అందులో షాహీనా నెల్లూరులో గాజుల కొట్టు నడిపే కుటుంబం మనిషి, స్కార్ఫు రెండు ముళ్ళేసి నోరంతా నవ్వుతో దిగేది. క్లాసయ్యాక అందరూ షెడ్డులో చేరేవాళ్ళు. ఒకరి జుట్టులో ఇసక ఒకరు దులిపేవాళ్ళు. సుగుణ తెచ్చిన గోంగూర పచ్చడి, షాహీనా తెచ్చిన ఖీమా, నేను పెట్టిన చేపల పులుసు. ఇంట్లో ఎవరితోనూ చెప్పని సంగతులు అక్కడ చెప్పుకునేవాళ్ళు. "మా ఇంట్లో నేను నవ్వితే ఎందుకు నవ్వినావని అడగతారక్కా, ఈడ ఎవరూ అడగరు," అంది సుగుణ ఒకసారి. షాహీనా ఆమె పళ్ళెంలో ఇంకాస్త ఖీమా వడ్డించింది.

ఆ ఆదివారం పొద్దున సుగుణ మొట్టమొదటిసారి బోర్డు మీద నిలబడింది. నడుం వంచి, నాట్లేసేటప్పుడు నిలబడినట్టే నిలబడింది. నేనూ షాహీనా కేక పెట్టాం. రెండు క్షణాలు కూడా కాకముందే వెనకనుంచి ఇంకో అల వచ్చి ఎత్తి పడేసింది. నేర్పినట్టే చేసింది. తల కప్పుకుని నీళ్ళలోనే ఉండిపోయింది.

ఒడ్డునుంచి చూసేవాడికి ఏం కనపడింది? బోర్డు ఒక్కటే తేలుతోంది. పెళ్ళాం లేదు.

సుగుణ లేచి, ముక్కు చీదుకుని, నవ్వుతూ మొగుడి కోసం పడవ వైపు చూసింది. అక్కడ ఫోనూ చెప్పులూ ఉన్నాయి, ఆయన లేడు. ప్యాంటూ చొక్కాతోనే సముద్రంలో దిగేశాడు. అల విరిగేచోట దిగినా బాగుండేది, కొట్టి ఒడ్డుకు విసిరేసేది. పక్కన నీళ్ళు నున్నగా, అల్లరి లేకుండా కనపడే దారి ఒకటుంది. కాలవలూ బావులూ ఎరిగినవాడు నెమ్మదైన నీళ్ళనే నమ్ముతాడు. సముద్రంలో అదే యముడు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ అక్కడినుంచే వెనక్కి పరుగెడతాయి. రిప్ అంటాం. చూస్తుండగానే లోపలికి పోయాడు.

నేను షాహీనాతో అవతలి పక్క ఉన్నాను. దగ్గరగా ఉన్నది సుగుణే. బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులా తెడ్డేస్తూ, "ఏమయ్యో! ఏమయ్యో!" అని అరుస్తూ పోయింది. నేను నీళ్ళలో పడుతూ లేస్తూ ఉరికాను. ఆమె ఆయన్ని చేరింది. ఆయన చేతులు పైకి లేచాయి. సుగుణ చెయ్యి చాపబోయింది, నా కళ్ళతో చూశాను.

"చెయ్యి ఇవ్వొద్దు! సుగుణా, చెయ్యి ఇవ్వొద్దు! బోర్డు తొయ్యి!"

అంత అరుపు నా గొంతులో ఉందని నాకే తెలియదు. ఒడ్డున వలలు అల్లుతున్నవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, అందరూ విన్నారు. సుగుణ చెయ్యి వెనక్కి తీసుకుంది. బోర్డు తోసింది. ఆయన బోర్డు పట్టుకోలేదు. దాన్ని పక్కకు నెట్టి ఆమె మీదికే వచ్చాడు. నేర్పినట్టే ఆమె వెనక్కి జరిగింది. ఇంకోసారి తోసింది. అప్పుడొచ్చిన అల ఆయన్నీ ఆమెనీ బోర్డునీ కప్పేసింది. ఆమే బోర్డూ మాత్రమే పైకొచ్చాయి.

నేను మునిగి వెతికి దొరకబుచ్చుకునేసరికి ఆలస్యమైంది. ఇసకలో పడుకోబెట్టి ఛాతీ నొక్కాను, నోట్లో ఊపిరి ఊదాను. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. దారిలోనే అయిపోయిందన్నారు. సుగుణ తడి బట్టలతో, కాలికి లీష్ అలాగే వేలాడుతూ, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడవలేదు.

సాయంత్రానికి నా అరుపు ఊళ్ళు దాటింది. మొగుడు మునుగుతుంటే చెయ్యి ఇవ్వొద్దని కోచ్ అరిచిందంట, పెళ్ళాం ఇవ్వలేదంట. పాళెం పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "పోలీసోళ్ళు అడిగితే నేనట్టా అరవలేదని చెప్పమ్మే. గోలలో ఎవరికేం ఇనపడింది?" అన్నాడు. నా మంచికే చెప్పాడు. కానీ నేను అరవలేదంటే, సుగుణ తనంతట తనే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టవుతుంది. ఎస్సై గారితో అరిచానని చెప్పాను, మళ్ళీ అలాంటిది వచ్చినా అరుస్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి పంపేశాడు. పెద్దలు బడి మూయించారు.

పెద్దకర్మకు నేనూ షాహీనా మిగతా ఇద్దరూ కొడవలూరు పోయాం. పెంచలయ్య తల్లి రవణమ్మ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. "నా కొడుకు దీని కోసరం దూకినాడు. ఇది చెయ్యి లాక్కునింది. ఇద్దరు కలిసి చంపినారు నా బిడ్డని!" అని గుండెలు బాదుకుంది. ఆమెకు ఏం చెప్పాలి? కడుపుకోతకు సర్ఫింగ్ పాఠాలు చెబుతామా? సుగుణ నీళ్ళ బిందె పట్టుకుని బయటికొచ్చినప్పుడు నా దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"అక్కా, నేను చంపినానా?"

"లేదు."

"మా అత్త అన్నం తినేటప్పుడల్లా నా చేతులకల్లా చూస్తాది."

ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ ఆ చూపు కింద బతకాలా ఆ మనిషి? నాకు పెంచలయ్య మీదే కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. చచ్చిపోయినవాడి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. షాహీనా వారం వారం బస్సెక్కి పోయి, ఆ ఇంటి అరుగు చివర కూర్చుని, సుగుణ పని చేసుకుంటుంటే చూసి వచ్చేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

డిసెంబరు వానలు తగ్గాక ఒకరోజు అత్తా కోడళ్ళిద్దరూ మా ఒడ్డుకు వచ్చారు. ఆ రోజు షాహీనా కూడా నా దగ్గరే ఉంది. రవణమ్మ నా మొహం చూడకుండా, "చూపించు. నా కొడుకు యాడ పోయినాడో, ఇది యాడుండిందో చూపించు," అంది. వేలితో చూపించాను. "అంత దగ్గరా!" అంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి నడిచింది. "అమ్మా, వద్దు!" అంటూనే ఉన్నాను. వినలేదు. నడుం లోతుకు చేరగానే అల కొట్టింది. ముసలామె కూలబడింది.

అందరికన్నా ముందు సుగుణ ఉరికింది. బోర్డు లేదు, ఏమీ లేదు. చెయ్యి ఇచ్చేసింది. రవణమ్మ ఆ చెయ్యి పట్టుకుని, భుజం పట్టుకుని, జుట్టు పట్టుకుని, కోడలి తల నీళ్ళలో తొక్కి పైకెక్కింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు. సుగుణ కాళ్ళు కొట్టుకోవడం నురగలో కనపడుతోంది. నేనూ షాహీనా రవణమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఒడ్డుకొచ్చి పడ్డాక రవణమ్మ చాలాసేపు దగ్గింది. సుగుణ మెడ మీద గోళ్ళు దిగినచోట రక్తం కారుతోంది. ముసలామె ఆ మెడ వైపు చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

"నేనేనా ఇట్టా చేసింది?"

సుగుణ చేత్తో మెడ కప్పుకుంది.

"నడుం లోతే గదా," అంది మళ్ళీ, తనలో తనే. అప్పుడు ఏడ్చింది. సుగుణ కూడా అప్పుడే ఏడ్చింది, ఆగస్టు నుంచీ దాచుకున్నదంతా. షాహీనా ఇద్దరికీ తువ్వాలు కప్పి మధ్యలో కూర్చుంది.

మరుసటి వేసవిలో పెద్దలతో పోట్లాడి బడి మళ్ళీ తెరిచాను. ఇప్పుడు మొదటి పాఠం నీళ్ళలోకి దిగేవాళ్ళకు కాదు, ఒడ్డున కూర్చునేవాళ్ళకు. మొగుళ్ళూ అన్నదమ్ములూ తండ్రులూ ముందు వచ్చి కూర్చోవాలి. ఆమె పడుతుంది, కాసేపు కనపడదు, అలా కనపడకుండా ఉండమని నేనే నేర్పాను, మీరు దిగొద్దు అని చెబుతాను. కొందరు ఆవలిస్తారు. అప్పుడు సుగుణ లేచి నిలబడి తన పేరూ, మొగుడి పేరూ, ఆయన ఎలా పోయాడో చెబుతుంది. ఇంక ఎవరూ ఆవలించరు.

ఆమెను తీసుకొచ్చేవాళ్ళు లేరు కాబట్టి రవణమ్మే తోడొస్తుంది. మొన్నామధ్య కొత్తగా చేరినామె అలలో పడింది, బోర్డు ఒక్కటే తేలింది. పాఠమంతా విని కూడా ఆమె మొగుడు చెప్పులు విడిచేసి పరుగందుకున్నాడు. ముసలామె కూర్చున్నచోటు నుంచే అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"కూర్చో నాయనా. లేస్తాది. కూర్చో."

నీళ్ళలోంచి కొత్తామె లేచింది. అతను అక్కడే ఇసకలో చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. రవణమ్మ అతని వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం బస్సు దాకా వాళ్ళను సాగనంపడానికి పోయాను. అంతా సర్దుకుందనే అనుకున్నాను. సుగుణ కాస్త ముందు నడుస్తోంది. రవణమ్మ నా చెయ్యి పట్టుకుని, కోపం లేకుండా, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు నేర్పింది తప్పు కాదులే మస్తానమ్మా. ఇచ్చుంటే ఇద్దరూ పోయుండేవాళ్ళు, నాకు తెలుసు. అయినా, చెయ్యి ఇయ్యాల్సింది."

ముందు నడుస్తున్న సుగుణ ఆగింది. ఆమెకు వినపడింది. వెనక్కి తిరిగి, "అవునత్తా," అంది.

ఈ పనిలో ఆ ఆదివారం నాకు నేర్పింది ఇదే. నా నియమం సరైనదే, రేపైనా అదే అరుస్తాను. ఆ అరుపు విని బతికినవాళ్ళు మాత్రం దాన్ని జీవితాంతం మోయాలి, అందులో నేను చెయ్యగలిగిన సాయమేమీ లేదు. వచ్చే ఆదివారం ఇంకాస్త తొందరగా వస్తామని చెప్పి ఇద్దరూ బస్సెక్కారు.