రాయి మాట్లాడదు

ఆదివారం పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా అక్క పులిహోర డబ్బాకు మూత పెట్టింది. పెట్టగానే గోడ గడియారం వైపు చూసి, "లేటైతుంది తమ్మి, లే" అంది. అందుకే ఆ సమయం నాకు గుర్తుంది. మేం వెళ్లాల్సిన చోటు రహమత్ నగర్‌లోని ఆమె ఇంటికి మూడు కిలోమీటర్లు. అక్కడ గేటు తెరిచేది పది గంటలకు.

అది జూబ్లీహిల్స్‌లో కొత్తగా కట్టిన ఒక హోటల్. పేరు రాయను. వాళ్ల కరపత్రంలో దాన్ని హోటల్ అని ఎక్కడా అనలేదు, కాలం ఆగి విశ్రమించిన కోట అన్నారు. నేను ఒక పత్రికలో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. అలవాటు కొద్దీ ఆ కరపత్రంలో విశేషణాలు కొట్టేస్తూ పోతే చివరికి భోజనాల వేళలు మిగిలాయి. మా చిన్న మేనకోడలికి ఆఫీసులో ఇచ్చిన కూపన్ అది. ఇద్దరికి ఒక పగటి విడిది, స్వాగత పానీయం, కోట చుట్టూ నడక, మధ్యాహ్న భోజనం. స్నేహితురాలితో వెళ్దామనుకున్న పిల్ల, తల్లి నోరు తెరిచి అడిగేసరికి మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. బావ పోయిన పది నెలల్లో అక్క ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి.

ఆమెకు హోటల్‌తో పని లేదు. లోపల ఒక మంటపం ఉంది. పదహారు స్తంభాలు, ముందు రెండు సింహాలు. దాన్ని చేసింది మా బావ.

బావ ఫిల్మ్ నగర్‌లో సినిమా సెట్లకు మోల్డింగ్ పని చేసేవాడు. ప్లాస్టర్‌లో కొబ్బరి పీచు కలిపి మహళ్లు, గుళ్లు, జైళ్లు అచ్చు పోసేవాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన కట్టింది ఏదీ నెల రోజులకు మించి నిలబడలేదు. షూటింగ్ అయిపోగానే పగలగొట్టి లారీకెత్తేవాళ్లు. సెట్టు మీదికి ఇంటివాళ్లను రానివ్వరు. కాబట్టి అక్క ఆయన పనిని టీవీలోనే చూసింది, అదీ డాన్సు చేసేవాళ్ల కాళ్ల సందుల్లోంచి.

"గదేనా నీది?" అనేది.

"గది కాదే, దాని ఎన్క."

"ఏది?"

"పాయె. ఇప్పుడు స్విట్జర్లాండ్ వచ్చింది, సూడు."

తరువాత తరువాత సినిమావాళ్లు వెనక ఒక ఆకుపచ్చ గుడ్డ కట్టి, కోటను కంప్యూటర్లో కట్టుకోవడం మొదలుపెట్టారు. బావ షెడ్డు ఖాళీ అయింది. అప్పుడు ఈ హోటల్‌కు అలంకరణ చేసే డిజైనరమ్మ వచ్చి మంటపం చేసిపెట్టమంది. యజమాని అడిగింది అసలైన పాత రాతి మంటపం. దొరకలేదని చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఎవరికీ చెప్పనని బావ దగ్గర ఒట్టు వేయించుకుంది. ఆయన ఇద్దరికే చెప్పాడు, అక్కకూ నాకూ. "ఓపెనింగ్ అయినంక తీస్కపోత" అని అక్కకు మాటిచ్చాడు. ఓపెనింగ్ అయ్యేటప్పటికి ఆయన లేడు.

మా ముగ్గురికీ నెలకొక ఆదివారం ఊరు దాటే అలవాటు ఉండేది. మొదట్లో ఒకే స్కూటరు మీద, తరువాత నా పాత కారులో. గోల్కొండ, అనంతగిరి, నాగార్జున సాగర్. ఎక్కడికి వెళ్లినా బావ ముందు కొండనో నీళ్లనో చూసేవాడు కాదు. దగ్గరున్న గోడను వేలి కణుపులతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు.

"చెక్కైతే టక్ అంటది. ప్లాస్టరైతే డబ్ అంటది. ఫైబరైతే నవ్వుతది. రాయి మాట్లాడదు బామ్మర్ది. మాట్లాడిందంటె మనోళ్లు చేసిందే."

గోల్కొండలో వంద చోట్ల తట్టాడు. దిగేటప్పుడు కొంచెం దిగులుగా, "అంత అసలుదే" అన్నాడు. మరోసారి, పల్లె వాతావరణం అమ్మే ఒక రిసార్టుకు వెళ్లాం. తాటిచెట్టును తట్టగానే అది నవ్వింది. బావ మొహం వెలిగిపోయింది. నేరుగా మేనేజరు దగ్గరికి పోయి, "ఎవరు చేసిండ్రు సార్? మస్తు చేసిండ్రు" అన్నాడు. మేనేజరు కళ్లు మూసుకుని, "అంతా ఆ పైవాడు" అన్నాడు. బావ చాలా రోజులు ఆ పైవాడి షెడ్డు ఎక్కడుందో ఆరా తీశాడు.

అక్కకు ఈ తట్టడం అంటే తల తీసేసినట్టు ఉండేది. "పెండ్లికి వొచ్చి అక్షింతలు ఎయ్యకుండ స్తంభాలు తడ్తవ్. నీతోని బయటికి రానే రావొద్దు" అనేది. చివరి నెలలో డాక్టరు ఆయన వీపు మీద వేళ్లతో తట్టి చూస్తుంటే, "ఏమంటుంది సార్? టక్కా, డబ్బా?" అని అడిగాడు. డాక్టరుకు అర్థం కాలేదు. అక్కకు అర్థమై, లేచి వెళ్లి వరండాలో కూర్చుంది.

ఆటోలో వెళ్తూ అక్క నాతో అంది. "అప్పట్ల సిగ్గువడితి తమ్మి. ఇయ్యాల ఒక్కసారి తట్టి ఇని వొస్త. అంతే."

గేటు దగ్గర సెక్యూరిటీ అతను డబ్బా చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "బయటి ఫుడ్ అలౌడ్ లేదమ్మా."

"బయటిది కాదయ్యా. ఇంట్లదే."

అతను నవ్వాడు గానీ వదల్లేదు. డబ్బాకు టోకెను కట్టి బల్ల మీద పెట్టాడు. లోపల భోజనాల పట్టికలో మూడో వంటకం 'అమ్మమ్మ చేతి పులిహోర'. ఇద్దరు మనవలున్న మా అక్క చేతి పులిహోర గేటు దగ్గర టోకెను కట్టించుకుని కూర్చుంది.

చేనేత చీర కట్టుకుని, చెవికి మైకు తగిలించుకున్న ఒకామె ఎదురొచ్చి మాకు కొబ్బరి చిప్పల్లో ఏదో పానీయం ఇచ్చింది. చుట్టూ తిప్పి చూపించేది ఆమే. "సుదూర ప్రయాణం చేసి అలసిపోయిన మీకు స్వాగతమండీ" అంది.

"ఆటోల వచ్చినం. పావుగంట" అంది అక్క.

"ఇక్కడి నుంచి మీరు పద్దెనిమిదో శతాబ్దంలోకి అడుగుపెడుతున్నారండీ. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి. వైఫై పాస్‌వర్డ్ రిసెప్షన్‌లో ఇస్తారు."

మాతో కలిపి ఎనిమిది మందిమి. అందరూ ఊళ్లోవాళ్లే. ఒక జంట పక్క రోడ్డు నుంచి నడిచి వచ్చారట. ముందు మమ్మల్ని లోయ దృశ్యం చూపించడానికి ఒక వసారాలోకి తీసుకెళ్లారు. లోయ అంటే ఫిల్మ్ నగర్ బస్తీ. మేడల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, నీలం పట్టా కప్పిన రేకుల కప్పు ఒకటి. ఆ కప్పు మా బావ షెడ్డుది. అందరూ కాగితం పూల కొమ్మను అడ్డం పెట్టుకుని బస్తీ పడకుండా లోయను ఫొటో తీసుకున్నారు.

"సాయంత్రం లైట్లు వెలిగితే అచ్చం ఇటలీలా ఉంటుందండీ" అంది చీరామె.

"కరెంటు పోతే మా లెక్కనే ఉంటది" అంది అక్క.

ఆ హోటల్ కింద కార్లు పెట్టుకోవడానికి మూడు నెలలు కొండను పేల్చారు. కింద బస్తీలో గిన్నెలు కదిలేవి. పేల్చగా మిగిలిన రాతి గుండు ఒకటి గేటు పక్కనే ఉంది. దాని మీద పసుపు రంగుతో పార్కింగ్ బాణం వేశారు. మంటపం బిగించే రోజుల్లో బావ పనికి వచ్చేటప్పుడు దాన్ని కూడా తట్టేవాడట. అది ఏమీ మాట్లాడకపోతే, "నీ అన్నదమ్ములను పేల్చి నన్ను పిలిచిండ్రు, ఏమనుకోకు" అని చెప్పి లోపలికి పోయేవాడట.

మంటపం నడిమి హాల్లో ఉంది, పైన అద్దాల కప్పు. చుట్టూ ఎర్ర తాడు. 'పురాతన శిల్పం. తాకరాదు' అని బోర్డు. అక్క తాడు దగ్గర ఆగి చూసింది. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన చేసినదాన్ని ఎవరూ అడ్డం లేకుండా చూడడం ఆమెకు ఇదే మొదలు.

చీరామె కథ మొదలుపెట్టింది. మూడు వందల ఏళ్ల నాటి మంటపమట. ఎక్కడో అడవిలో పడి ఉంటే, ప్రతి రాయికీ నంబరు వేసి ఎద్దుబండ్ల మీద తెచ్చారట. నంబర్లు నిజమే, బావ సుద్దముక్కతో వేశాడు. బండి మాత్రం డీసీఎం వ్యాను. షెడ్డు నుంచి గేటు దాకా పది నిమిషాలు పట్టింది, అందులో ఆరు సిగ్నల్ దగ్గర.

"ఎడమ సింహానికి చెవి విరిగి ఉంది చూశారా? శత్రు సైన్యం దాడిలో పోయిందండీ."

"ఏ శత్రువులు?" అన్నారెవరో.

"పరిశోధన జరుగుతోందండీ."

శత్రు సైన్యం నేను. షెడ్డులో స్కూటరు వెనక్కి తీస్తుంటే హ్యాండిల్ తగిలి ఆ చెవి ఊడింది. నేను భయపడితే బావ దాన్ని చూసి మురిసిపోయాడు. "ఉండనియ్ బామ్మర్ది. నిండుగున్నదాన్ని ఎవడు నమ్మడు. ఇరిగినదాన్నే నమ్ముతరు" అన్నాడు. విరిగిన చోట పాత టూత్‌బ్రష్‌తో టీ డికాక్షన్ పూసి, మిగిలిన డికాక్షన్‌లో పాలు పోయించుకుని తాగాడు.

"ఎవరు చెక్కిండ్రు బిడ్డా?" అని అడిగింది అక్క.

"శిల్పి ఎవరో తెలీదండీ. ఆ కాలంలో వాళ్లు పేర్లు చెక్కుకునేవాళ్లు కాదు. కళ కోసమే బతికేవాళ్లు. అదే వాళ్ల గొప్పతనం."

"కిరాయి ఎట్ల కట్టేటోళ్లో" అంది అక్క.

అప్పటికి నేను మనసులో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. ఇది ఫలానా ఆయన చేసింది, ఎక్కడైనా పలక పెట్టండి అని. అందులో ఒక్క విశేషణం లేదు. నోరు తెరవబోతుంటే చీరామె మాట కొనసాగించింది.

"మా సార్‌కి నకిలీ అంటే అస్సలు పడదండీ. పోయిన నెల వెనక వైపు తలుపు ఒకటి పాతది కాదని తెలిసింది. ఆ సాయంత్రమే పీకించి ముక్కలు చేయించారు."

అక్క నా వైపు చూసింది. నేను వాక్యం మింగేశాను.

సరిగ్గా అప్పుడు పక్క రోడ్డు నుంచి వచ్చిన జంటలో భర్త, నిక్కరు వేసుకున్న నలభై ఏళ్ల మనిషి, "నిజంగా రాయేనా ఇది?" అంటూ తాడు దాటాడు. భార్య ఫోన్‌లో వీడియో తీస్తోంది. అతను మొదటి స్తంభం ముందు నిలబడి పిడికిలి ఎత్తాడు.

"ఓ బిడ్డా!" అంది అక్క. హాలంతా వినపడింది. "తాకొద్దని రాసిండ్రు గద?"

"జస్ట్ ఒకసారి తట్టి చూస్తానంతే ఆంటీ."

"నువ్వు తడ్తవ్. నీ ఎన్క నీ పెండ్లాం తడ్తది. గిట్ల అందరు తట్టుకుంట పోతె మూడొందల ఏండ్లు నిలవడునా అది? సదువుకున్నోనివి, జర సిగ్గుండాలె. చెయ్యి తియ్."

అతను చెయ్యి దించి, తాడు ఇవతలికి వచ్చి, సారీ చెప్పాడు. ఖద్దరు లాల్చీ వేసుకున్న ఒక పెద్దాయన చప్పట్లు కొట్టాడు. చీరామె కళ్లు చెమర్చాయి. "మేడమ్ లాంటి వాళ్లు ఉన్నన్నాళ్లు మన వారసత్వానికి ఢోకా లేదండీ" అంది. అక్క తల వంచుకుంది. పెళ్లిళ్లలో బావ స్తంభాలు తట్టేటప్పుడు కూడా ఆమె అలాగే వంచుకునేది.

భోజనాల గంట కొట్టారు. ఆరుగురూ చీరామె వెనక వెళ్లిపోయారు. హాల్లో మేమిద్దరం మిగిలాం.

"తట్టు అక్కా, ఎవరు లేరు" అన్నాను.

ఆమె తాడు కింది నుంచి వంగి అవతలికి వెళ్లింది. సింహం పక్కన నిలబడి వేళ్లు ముడిచింది. తరువాత వేళ్లు విప్పి, అరచేతిని విరిగిన చెవి మీద పెట్టింది.

"సల్లగుంది" అంది.

"తట్టవా?"

"వద్దు తమ్మి. జవాబిస్తె ఎవరన్న ఇంటరు."

భోజనంలో అమ్మమ్మ చేతి పులిహోర ఒక చెంచా వేసుకుని, "ఈ అమ్మమ్మకు ఇంగువ ఎక్కడ పెట్టిందో యాదికి లేదు" అంది. అన్నాక మజ్జిగన్నం కలుపుకుని పూర్తిగా తింది. అంతవరకు ఆ పది నెలల్లో ఆమె విస్తరి ఖాళీ చేయడం నేను చూడలేదు. సాయంత్రం దాకా ఉండొచ్చని కూపన్‌లో ఉంది గానీ రెండు గంటలకే బయలుదేరాం. సెక్యూరిటీ అతను టోకెను చూసి డబ్బా తిరిగిచ్చాడు. బాణం గుర్తున్న గుండు నీడలో కూర్చుని మూత తీశాం. అతనికి కూడా పెట్టింది అక్క.

"లోపల ఎట్లుందమ్మా?" అని అడిగాడు అతను.

"మంచిగుంది. గట్టిగుంది" అంది.

నేను ఆనుకుని కూర్చున్న గుండు వైపు ఆమె ఒకసారి చెయ్యి చాపింది. నా భుజం మీద పడ్డ మెతుకు తీసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ తరువాత మళ్లీ నెలకొక ఆదివారం బయలుదేరుతున్నాం. మొన్న సాగర్ వెళ్లాం, అంతకు ముందు అనంతగిరి. అక్క డబ్బా కడుతుంది, నేను కారు తీస్తాను. కొండను చూస్తాం, నీళ్లను చూస్తాం. గోడలనూ స్తంభాలనూ ఇప్పుడు తట్టి చూడం.