భూదేవి పాటకు బదులు

మహారాష్ట్ర సరిహద్దులో రాజురా దాటాక వచ్చే పత్తిచేలలో పాట ఎత్తే హక్కు ఒకప్పుడు భూదేవిదే. మనిషెత్తు పెరిగిన పత్తిలో కూలీలు ఒకరికొకరు కనపడరు. అందుకని ఆమె ముందు సాలులో నడుస్తూ, 'వెండి పూసే సాళ్లల్ల ఎవలున్నరే?' అని పాడుతూ అడిగేది. వెనక అన్ని సాళ్ల నుంచీ 'మేమున్నం' అని బదులు రావాలి. రాకపోతే రెండో చరణం లేదు. ఎవరిని పాము కరిచిందో, ఎవరికి కళ్లు తిరిగాయో చూడటానికి పరుగెత్తాల్సిందే. భూదేవి గొంతు గట్టిది, నోరు అంతకంటే గట్టిది. నసుగుతూ పలికినవాళ్లకు మధ్యాహ్నం సద్దితోపాటు తిట్లు కూడా వడ్డించేది.

అలాంటి మనిషి కొన్నేళ్లుగా చేలో నోరు విప్పలేదు. ఒకనాడు ఆమె అడిగితే ఏ సాలూ పలకలేదు. గుండె జారి పరుగెత్తి చూస్తే, కోడలు రజినితో సహా పడుచులందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమెకే అయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! బదులు రాని పాట ఇక ఎత్తనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

చిత్రమేమిటంటే, కొంతకాలానికి ఆ ఇయర్‌ఫోన్లలోకే ఆమె గొంతు దూరింది. దానికి కారణం ఆ ఊరి నితిన్. సెలవుల్లో తల్లి వెంట పత్తి ఏరినవాడు, చంద్రపూర్‌లో ఒక మొబైల్ దుకాణం పైగదిలో ర్యాప్ మొదలుపెట్టాడు. తెలుగూ మరాఠీ కలిపి వడగళ్లలా మాటలు కురిపించి, ఎప్పుడో ఫోన్‌లో పట్టుకున్న భూదేవి ప్రశ్నను, ఆమె ఒప్పుకున్నాకే, మధ్యలో పెట్టాడు. ఆ పాట దేశాలు దాటింది. దుబాయిలో, లండన్‌లో పెద్దపెద్ద స్టేడియాలు నిండిపోయాయని వార్తలొచ్చాయి. 'ఏం లొల్లిరా ఇది' అని విసుక్కున్న ఊరి పెద్దలే, మరాఠీ పేపర్లో ఫొటో చూశాక మావాడే అనడం మొదలుపెట్టారు.

టొరంటో షోకు ముందు నితిన్ ఫోన్ చేశాడు. అక్కడ రాత్రయితే ఇక్కడ పొద్దున. చేలోంచే పాడమని, అక్కడ గోడంత తెర మీద చూపిస్తానని బతిమాలాడు. భూదేవి ససేమిరా అంది.

"మనూరి పోరిలే పలుకలే. దేశంగాని దేశపోళ్లు పలుకుతరా కొడుకా? గంతమంది ముంగట నా పాట ఒంటిగ నిలవడితే, మల్ల చేన్ల అడుగెట్ల పెట్టాలె?"

"పలుకకుంటే నేను గూడ పాట బంద్ చేస్త పెద్దవ్వా. ఒక్కపారి అడుగు."

వాడి అన్నం వాడు పందెం కాస్తుంటే కాదనలేకపోయింది.

ఆ పొద్దున మంచు ఆరాక రజిని ఫోన్ పట్టుకుని నిలబడింది. ఫోన్‌లో దీపాలు, దీపాల కింద తలలే తలలు. భూదేవి నడుముకు ఒడి కట్టుకుని సాలులో నిలబడి గొంతెత్తి అడిగింది.

బదులు లేదు. మాట సముద్రాలు దాటి పోయి రావడానికి కాస్త సమయం పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేలో ఆగినంతసేపే ఆగింది. ఆమెకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫోన్‌కు వీపు తిప్పి పత్తి ఏరడం మొదలుపెట్టింది. టొరంటోలో గోడంత తెర మీద ఆ వీపే కనిపించింది.

అప్పుడొచ్చింది బదులు. 'మేమున్నం!' రజిని చేతిలో ఫోన్ అదిరిపోయింది. తెలుగు వచ్చినవాళ్లు, రానివాళ్లు, పంజాబీలు, తెల్లవాళ్లు, అందరిదీ ఒకటే గొంతు. భూదేవి చేతులు కాయ మీద ఆగిపోయాయి.

"ఇటు తిరుగు పెద్దవ్వా, నిన్ను చూస్తమంటున్నరు," అన్నాడు నితిన్.

"తిరిగితే ఏరుడెట్ల? ఎనుకవడకుంట రమ్మను."

నితిన్ ఆ మాట అక్కడివాళ్లకు చెప్పినట్టున్నాడు, ఫోన్‌లో ఈలలూ చప్పట్లూ మోగాయి. అవి ఆగకముందే భూదేవి రెండో చరణం ఎత్తి, మళ్లీ అడిగింది.

ఈసారి టొరంటో అందుకోకముందే, పక్కనే ఉన్న రజిని 'మేమున్నం' అంది. ఆ వెనక సాలు, దాని వెనక సాలు, కనపడని చోట్ల నుంచి చేనంతా పలికింది. సముద్రాల అవతలి బదులు ఆ తర్వాతే వచ్చింది.

భూదేవి అప్పుడు తిరిగింది. ఫోన్‌కేసి కాదు, చేనుకేసి.

"గిన్నేండ్లు ఏడికివోయిన్రే?" అని తిట్టి, మూడో చరణం ఎత్తింది.